కీ ఆఫ్ చేసిన నాలుగు నిమిషాలు: నార్పల రూటు స్కూలు బస్సులో రికార్డరు కేసు

2025 జూలైలో ఒక సాయంత్రం, అనంతపురం నుంచి నార్పల వైపు వెళ్లే ఒక ప్రైవేటు స్కూలు బస్సులో ఒకటో తరగతి పాప తన స్టాపు కంటే ఒక స్టాపు ముందే దిగిపోయింది. స్నేహితురాలితో కలిసి వాళ్లింటికి వెళ్లి పెరట్లో ఆడుకుంటూ కూర్చుంది. అవతల పాప వాళ్ల అవ్వ రోడ్డు మీద నిలబడి ఉంది. బస్సు వచ్చింది, పాప దిగలేదు. అరగంటకు పాప దొరికింది గానీ ఆ అరగంట ఆ ఇంట్లో వాళ్లు ఎట్లా గడిపి ఉంటారో పిల్లలున్న ఎవరికైనా తెలుస్తుంది.

మర్నాడు పొద్దున్నే తల్లిదండ్రులు స్కూలుకు వచ్చి కెమెరా చూపించమన్నారు. అడగడం న్యాయమే. బస్సులో నాలుగు కెమెరాలు ఉన్నాయి, బస్సు వెనక ఆ మాట రాసి కూడా ఉంది. ఆఫీసులో అందరూ చుట్టూ నిలబడి సాయంత్రం 4.30 నుంచి 5.15 దాకా వీడియో వెతికారు. ఏమీ లేదు. ఆ ముప్పావు గంటకు ఒక్క ఫైలు కూడా లేదు. తల్లిదండ్రులకు అనుమానం వచ్చింది, ఎవరో వీడియో తుడిచేశారేమోనని. ఆ అనుమానం చివరికి బస్సులో ఉండే ఆయమ్మ మీద పడింది. విషయం తేలేదాకా పనిలోకి రావద్దని ఆమెకు చెప్పేశారు. ఆ మధ్యాహ్నం నాకు ఫోన్ వచ్చింది.

నాది అనంతపురంలో ఆటో ఎలక్ట్రికల్ పని. మొదట సెల్ఫ్ మోటార్లు, ఆల్టర్నేటర్లు, బస్సు వైరింగే చేసేవాణ్ని, తర్వాత బండ్లలో కెమెరాలు బిగించడం మొదలుపెట్టాను. ఈ బస్సులో కెమెరాల వీడియో దాచిపెట్టే రికార్డరు పెట్టింది నేను కాదు. ఎవరు పెట్టారన్నది ఇక్కడ అవసరం లేదు, ఎట్లా పెట్టారన్నదే అవసరం. ఇదే తప్పు ఇంకా చాలా బస్సుల్లో ఉంది కాబట్టి ఈ కేసు మొత్తం రాస్తున్నాను.

గడియారం

వెళ్లగానే నేను వైర్లు ముట్టుకోలేదు. ఫోన్‌లో గడియారం తెరిచి, సెకన్లు కనిపించేట్టు పెట్టి, తలుపు దగ్గరి కెమెరాకు ఎదురుగా ఒక నిమిషం పట్టుకున్నాను. తర్వాత ఆ ముక్క వెనక్కి వేసి చూశాను. ఫోన్‌లో మధ్యాహ్నం 2.10. వీడియో మూలన పడిన టైము 4.40. తేడా సరిగ్గా రెండున్నర గంటలు.

రెండున్నర గంటల తేడా కనిపిస్తే ఈ పనిలో ఉన్నవాళ్లకు వెంటనే తెలియాలి. మన దేశం టైము జీఎంటీకి అయిదున్నర గంటలు ముందు. చైనా టైము ఎనిమిది గంటలు ముందు. రికార్డరు ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఏ టైమ్ జోనులో ఉందో ఆ జోనులోనే వదిలేశారు. జీపీఎస్ నుంచి టైము తీసుకుంటోంది కాబట్టి ఎవరైనా చేత్తో సరిచేసినా కాసేపటికి మళ్లీ తప్పులోకే పోతుంది. అది గడియారం తప్పు కాదు, జోను తప్పు.

అంటే ఆఫీసులో 4.30 అని వెతికింది నిజానికి మధ్యాహ్నం 2 గంటలప్పటి వీడియో కోసం. ఆ సమయంలో బస్సు స్కూలు ఆవరణలో చెట్టు కింద, కీ తీసి నిలిపి ఉంటుంది మరి. పాప దిగిన సాయంత్రం 4.50 కావాలంటే రికార్డరులో 7.20 చూడాలి. చూశాం. బస్సు నిండా పిల్లలు, కిటికీలో నార్పల రోడ్డు. కరస్పాండెంట్ సారు కుర్చీలో వెనక్కి వాలి, "అయితే ఉండాదే!" అన్నారు.

ఉంది గానీ మొత్తం లేదు. అసలు కేసు అక్కడ మొదలైంది.

మధ్యలో తెగిన ముక్కలు

టైము సరిచేసుకుని లెక్కేస్తే 4 గంటల 47 నిమిషాల 20 సెకన్లకు బస్సు ఆ స్టాపులో ఆగింది. పాప మూడో వరుసలో కిటికీ పక్క కూర్చుని ఉంది. అక్కడితో వీడియో ఆగిపోయింది. మళ్లీ మొదలైంది 4 గంటల 51 నిమిషాల 35 సెకన్లకు. అప్పటికి బస్సు కదులుతోంది, పాప సీటు ఖాళీ. మధ్యలో నాలుగుంపావు నిమిషాలు లేవు. పాప దిగింది ఆ నాలుగుంపావు నిమిషాల్లోనే.

పక్కనుండి చూసేవాళ్లకు ఇది కచ్చితంగా ఎవరో కావాలని తుడిచేసినట్టే కనిపిస్తుంది. ఆయమ్మ మీద అనుమానం ఇంకా గట్టిపడింది. ఆమెను పిలిపించాను. "సార్, ఆ పెట్టె యాడుండాదో కూడా నాకు తెలీదు. చిన్నపిల్లోని బ్యాగు సీటు సందులో ఇరుక్కునింది. అది పీకి నేను ఎనక్కి తిరిగేలోపల నలుగురు దిగేసినారు" అంది. మాట్లాడుతుంటే ఆమె చేతులు వణికాయి.

రికార్డరులో వీడియో ఒక్కటే ఉండదు, లాగ్ కూడా ఉంటుంది. ఎప్పుడు కరెంటు వచ్చింది, ఎప్పుడు పోయింది అనే చిట్టా. ఎవరూ దాన్ని తెరిచి చూడరు. నేను తెరిచాను. ఆ ఒక్క సాయంత్రమే నాలుగు సార్లు కరెంటు పోయి వచ్చింది. పొద్దున ట్రిప్పులో మూడు సార్లు. అంతకు ముందు రోజూ అంతే. తెగిన ప్రతి చోటా బస్సు ఏదో ఒక పెద్ద స్టాపులో ఉంది.

డ్రైవరన్నను అడిగాను, స్టాపుల్లో ఇంజను ఆపుతావా అని. "పిల్లోళ్లు ఎక్కువ దిగే తావుల్లో ఆపుతానన్నా. డీజిల్ ఊరికే పోనీయద్దని ఆఫీసులోనే చెప్పినారు గదా" అన్నాడు. తప్పేముంది? పిల్లలు దిగుతున్నప్పుడు ఇంజను ఆపి కీ తిప్పేయడమే మంచి అలవాటు. కానీ ఆయన కీ తిప్పిన క్షణానే రికార్డరుకు కరెంటు పోతోంది. మళ్లీ కీ వేశాక ఆ రికార్డరు లేచి, కెమెరాలను పట్టుకుని రికార్డు మొదలుపెట్టడానికి నేను స్టాప్‌వాచ్ పెట్టి చూస్తే 52 సెకన్లు పట్టింది. అంటే బస్సు ఆగి ఉన్నంత సేపూ, ఆ తర్వాత దాదాపు ఇంకో నిమిషమూ గుడ్డిదే.

రోడ్డు మీద పోతున్నప్పుడు ఖాళీ దారంతా రికార్డు చేసి, పిల్లలు ఎక్కేటప్పుడు దిగేటప్పుడు నిద్రపోయే కెమెరా స్కూలు బస్సుకు ఎందుకు?

కాగితం మీద ఆ చిట్టాలో ఉన్న టైములన్నీ రాసి, ఒక్కోదాని ఎదురుగా స్టాపు పేరు రాసి సారు చేతికిచ్చాను. ఆయన ఆ కాగితం తల్లిదండ్రులకు చూపించారు. సాయంత్రానికి ఆయమ్మను పనిలోకి రమ్మన్నారు. నా వరకు ఈ కేసులో అన్నిటికంటే ముందు జరగాల్సిన పని అదే. కెమెరా ఉన్నది పిల్లల కోసమే కాదు, బస్సులో పనిచేసే మనిషి మాట నిలబడడానికి కూడా.

ఎరుపూ పసుపూ

బండిలో పెట్టే రికార్డరుకు కరెంటు వైర్లు మూడు వస్తాయి. నలుపు ఎర్త్. ఎరుపు బ్యాటరీ నుంచి ఎప్పుడూ ఉండాల్సిన కరెంటు. పసుపు కీ లైను. నిజంగా రికార్డరును నడిపేది ఎరుపు. పసుపు కేవలం కబురు చెప్పే వైరు, కీ ఉందా లేదా అని. కీ తీశాక ఇంకో పది నిమిషాలో అరగంటో రికార్డు చేసి, అప్పుడు ఫైలు మూసి, పద్ధతిగా పడుకోమని రికార్డరులో సెట్టింగు ఉంటుంది. ఎరుపులో కరెంటు ఉంటేనే అది పనిచేస్తుంది.

డాష్‌బోర్డు కింద ప్యానెల్ విప్పితే ఎరుపూ పసుపూ కలిపి మెలేసి, ఒకే కీ లైనుకు చుట్టి, పైన టేపు వేసి ఉంది. ఫ్యూజు లేదు. ఒక వైరు లాగే పని మిగులుతుంది కాబట్టి ఇట్లా చేస్తారు. దుకాణంలో స్క్రీను పెట్టి చూపించినప్పుడు బ్రహ్మాండంగా కనిపిస్తుంది కూడా. సెట్టింగులో కీ తీశాక 10 నిమిషాలు అని రాసి ఉన్నా అది ఉత్త అక్షరమే. కరెంటే లేనప్పుడు పది నిమిషాలు ఎక్కడినుంచి నడుస్తుంది?

ఇంకొకటి దొరికింది. కెమెరాలు నాలుగూ బండికి పెట్టేవి కావు, ఇళ్లకు పెట్టే గుండ్రటి కెమెరాలు. వాటికి 12 వోల్టులు కావాలి. బస్సుది 24 వోల్టుల కరెంటు, రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరుసగా కలిపి ఉంటాయి. పెట్టినవాళ్లు ఆ రెండు బ్యాటరీల మధ్య నుంచి ఒక వైరు లాగి, ఒక్క బ్యాటరీ మీద నాలుగు కెమెరాలు వేశారు.

దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మన వైపు పాటల సెట్లకూ, ఫోన్ చార్జర్లకూ, ఫ్యాన్లకూ ఇదే చేస్తారు. రెండు బ్యాటరీలకూ ఆల్టర్నేటర్ కలిపే చార్జింగ్ ఇస్తుంది. కానీ వాడకం ఒక్కదాని మీదే ఎక్కువ పడితే అది ఎప్పుడూ సగం ఆకలితో ఉంటుంది, రెండోది కడుపు నిండిన తర్వాత కూడా తింటూనే ఉంటుంది. ఇంజను నడుస్తుండగా రెండూ కలిపి 28.0 వోల్టులు చూపించింది, బాగానే ఉందనిపిస్తుంది. విడివిడిగా చూస్తే ఒకటి 14.9, ఇంకోటి 13.1. 14.9 ఉన్నదాంట్లో నీళ్లు మరిగి ప్లేట్లు బయటపడ్డాయి. డ్రైవరన్న అప్పుడు అసలు మాట చెప్పాడు. "సోమవారం సోమవారం బండి తోసి స్టార్ట్ చేస్తాండామన్నా. బ్యాటరీ మార్చినాము, అయినా అంతే."

సోమవారమే ఎందుకో ఆ రాత్రి తెలిసింది. ఎనిమిది గంటలకు మళ్లీ వెళ్లాను. బస్సుకు కటాఫ్ స్విచ్ వేసి ఉంది, అంటే బండిలో కరెంటు ఉండకూడదు. లోపలికి చూస్తే చీకట్లో నాలుగు చోట్ల కెమెరాల చుట్టూ మసక ఎరుపు చుక్కలు వెలుగుతున్నాయి. ఈ బండిలో కటాఫ్ పాజిటివ్ వైపు ఉంది. బ్యాటరీల మధ్య నుంచి లాగిన వైరుకు ఆ స్విచ్‌తో సంబంధమే లేదు. క్లాంప్ మీటరు పెడితే 0.9 ఆంపియర్లు. పగలు, చీకట్లో చూడడానికి కెమెరాల్లో ఉండే ఆ దీపాలు ఆరిపోయి 0.4. రోజు మొత్తం మీద దాదాపు 15 ఆంపియర్ అవర్లు ఒక్క బ్యాటరీ నుంచి కారిపోతోంది. ఆదివారం బండి కదలదు, చార్జింగ్ లేదు. సోమవారం తోయాల్సిందే.

కొత్తగా పెట్టింది

పాత రికార్డరును ఉంచగలనా అని చూశాను, ఖర్చు వాళ్లది కదా. దుకాణానికి తెచ్చి బెంచి మీద నడిపి, రికార్డు అవుతుండగా కరెంటు పీకేశాను. పదిసార్లు పీకితే మూడుసార్లు చివరి ఫైలు తెరుచుకోలేదు. మంచి రికార్డర్లలో లోపల పెద్ద కెపాసిటరు ఉంటుంది, కరెంటు హఠాత్తుగా పోయినా కొన్ని సెకన్లు నిలబెట్టి ఫైలు మూసేస్తుంది. ఇందులో అది లేదు. ఇది చాలదని సారుకు చెప్పాను. కొత్త రికార్డరు, నాలుగు బండి కెమెరాలు, మెమరీ కార్డు, వైరు, పెట్టె, పనితో కలిపి 22,600 రూపాయలు అయింది.

కరెంటు విషయంలో నేను రెండు రోజులు ఆలోచించాను. ఎరుపు వైరును కటాఫ్‌కు ముందు, నేరుగా బ్యాటరీ నుంచి తీసుకోవచ్చు. చాలామంది అదే చెబుతారు, రికార్డరుకు ఎప్పుడూ కరెంటు ఉంటుందని. కానీ కటాఫ్ స్విచ్ బస్సులో ఎందుకు పెట్టారు? మంటో పొగో వస్తే ఒక్క దెబ్బతో బండిలో ఏ వైరులోనూ కరెంటు లేకుండా చేయడానికి. నా వైరు ఒక్కటి దాన్ని దాటిపోతే ఆ స్విచ్‌కు అర్థం పోతుంది. పిల్లలెక్కే బస్సులో ఆ పని చేయడానికి నాకు మనసొప్పలేదు. ఎరుపును కటాఫ్ తర్వాతి నుంచే తీసుకున్నాను. డ్రైవరు రాత్రి కటాఫ్ వేస్తే రికార్డరు అప్పటికప్పుడు చస్తుంది, నిజమే. ఆ చివరి ఫైలును కాపాడేది కెపాసిటరు. అందుకే ఆ రికార్డరు కొనమన్నది. దాన్నీ బెంచి మీద పదిసార్లు పీకి చూశాకే బండిలో పెట్టాను, పదిసార్లూ ఫైలు తెరుచుకుంది.

ఎరుపుకు తీసుకున్న చోటే 3 ఆంపియర్ల ఫ్యూజు, పసుపుకు 1 ఆంపియర్. రాత్రి దీపాలు వెలిగినప్పుడు కూడా మొత్తం వాడకం 24 వోల్టుల దగ్గర ఒక ఆంపియరుకు లోపే. ఫ్యూజు ఎప్పుడూ కరెంటు బయల్దేరే చోట ఉండాలి. రికార్డరు పక్కన పెడితే మధ్యలో పది అడుగుల వైరుకు కాపలా లేనట్టే. వైరు 1.5 చదరపు మిల్లీమీటర్లది, రేకు దాటే ప్రతి రంధ్రానికీ రబ్బరు గ్రోమెట్, అతుకులన్నీ లగ్గు వేసి నొక్కినవి. మెలేసి టేపు చుట్టిన అతుకు ఒక్కటి కూడా లేదు. మన ఎండకు టేపు జిగురు కారిపోయి ఒక వేసవిలోనే ఊడిపోతుంది.

ఎర్త్ కూడా వైరే. చాలామంది దగ్గర్లో ఉన్న ఏదో ఒక బోల్టుకు బిగించేస్తారు. ఆ బోల్టు కింద పెయింటు, తుప్పు. బొమ్మ మీద అడ్డగీతలు పాకుతుంటే కెమెరా మార్చమంటారు. నేను నలుపును బ్యాటరీ నెగటివ్ బాడీకి కలిసే చోటికే తీసుకెళ్లి, అక్కడ గీకి శుభ్రం చేసి బిగించాను. కెమెరాల ఇనుప ఒంటికీ బస్సు రేకుకూ మధ్య రబ్బరు వాషర్లు వేశాను, లేకపోతే కెమెరా రెండు దారుల్లో ఎర్త్ అవుతుంది, గీతలు వస్తాయి. కెమెరాలకు 12 వోల్టులు రికార్డరే ఇస్తుంది, నాలుగు పిన్నుల మర కనెక్టరు ద్వారా. తిప్పి బిగించేది కాబట్టి అదురుకు ఊడదు. బ్యాటరీల మధ్య నుంచి లాగిన వైరు పూర్తిగా తీసేశాను.

రికార్డరు ముందు పైకప్పు దగ్గరి సామాన్ల అరలో ఉండేది. కిటికీలు మూసి నిలిపిన బస్సులో ఎండలో మధ్యాహ్నం ఆ అర దగ్గర రేకు 58 డిగ్రీలు చూపించింది. రికార్డరు తనకు తానే వేడి పుట్టిస్తుంది, దానికి ఇది తోడు. డ్రైవరు సీటు వెనక, నేలకు అడుగున్నర పైన, 44. అక్కడ తాళం వేసే ఇనుప పెట్టెలో పెట్టాను. గాలి రంధ్రాలు కిందికి చూసేట్టు వేయించాను, దుమ్ము పడకుండా, బస్సు కడిగినప్పుడు నీళ్లు పడకుండా.

కార్డు లెక్క ఎవరికైనా పనికొస్తుంది. ముందు కెమెరా, తలుపు కెమెరా 1080పీలో ఒక్కోటి సెకనుకు 2 మెగాబిట్లు, మిగతా రెండూ 720పీలో 1 చొప్పున. మొత్తం 6 మెగాబిట్లు, అంటే గంటకు 2.7 జీబీ. రోజుకు ఆరు గంటలు వేసుకుంటే 16 జీబీ చిల్లర. 256 జీబీ కార్డులో 15 పనిదినాలు నిలుస్తాయి. పాతదాంట్లో నాలుగు కెమెరాలూ ఒక్కోటి 4 మెగాబిట్ల మీద పెట్టి, ఫోన్లో వేసే 64 జీబీ కార్డు వేశారు. అది రెండు రోజులు కూడా నిలవదు. ఆ తల్లిదండ్రులు ఒక్క రోజు ఆలస్యంగా వచ్చి ఉంటే, తెగిన ముక్కలు కూడా దొరికేవి కావు. కార్డు కూడా ఎప్పుడూ రాస్తూ ఉండడానికే చేసిన రకం కొనాలి. మామూలు కార్డు ఏడాదిలోపే అరిగిపోతుంది, చెప్పకుండా అరిగిపోతుంది.

కీ తీశాక 30 నిమిషాలు రికార్డు. టైమ్ జోను అయిదున్నర. పాస్‌వర్డు మార్చాను, ఫ్యాక్టరీ పాస్‌వర్డు అందరికీ తెలిసిందే.

సారు ఇంకో మాట అడిగారు. 4జీ సిమ్ము ఉంది కదా, తల్లిదండ్రులందరి ఫోన్లలో లైవ్ వచ్చేట్టు చేయమని. వద్దన్నాను. ఒక్క పిల్ల తండ్రి తన పిల్లను చూసుకుంటే బాగానే ఉంటుంది, కానీ అదే తెరలో మిగతా నలభై మంది పిల్లలు ఉంటారు. వాళ్లు ఏ స్టాపులో దిగుతారో, ఎవరు ఒంటరిగా నడిచి వెళ్తారో ఊళ్లో అందరికీ తెలియాల్సిన పని లేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వాళ్లందరినీ పిల్లలుగానే లెక్కేసి, వాళ్ల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. లైవ్ సారు ఫోన్లో, ట్రాన్స్‌పోర్ట్ చూసుకునే ఆయన ఫోన్లో, అంతే.

అక్టోబరు

పెట్టిన మర్నాడు రెండు ట్రిప్పులూ బస్సులోనే కూర్చుని వెళ్లాను. బుక్కరాయసముద్రం చెరువు దాటి నార్పల దాకా, మళ్లీ వెనక్కి. ప్రతి స్టాపులో కీ ఆఫ్ చేయించాను. సాయంత్రం వీడియో తీస్తే ఒక్క సెకను తెగలేదు. ఆయమ్మ తలుపు దగ్గర ఒక్కో పిల్లను చేయి పట్టి దించడం పూర్తిగా పడింది. ఆమెకు చూపించాను. ఏమీ అనలేదు, చీర కొంగుతో తెర మీద దుమ్ము తుడిచింది.

2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో హైదరాబాదు నుంచి బెంగళూరు వెళ్లే ప్రైవేటు బస్సు తగలబడింది. రోడ్డు మీద పడి ఉన్న బైకు బస్సు కిందికి ఇరుక్కుని మంట పుట్టింది. 44వ నంబరు జాతీయ రహదారి మా ఊరి మీదుగానే పోతుంది, ఆ బస్సుల్లో మేమందరం ఎక్కినవాళ్లమే. ఆ రోజు మధ్యాహ్నమే సారు ఫోన్ చేశారు. కంపెనీ వైరింగు మీద మనం వేసిన వైర్లు ఏవున్నా తీసేద్దామన్నారు. అక్కడి కారణం వైరింగు కాదని నేను వాదించలేదు. ఆ భయం సరైనదే. బస్సుల్లో ఫ్యూజు లేకుండా, మెలేసి వేసిన వైర్లు ఎన్నో నా కళ్లతో చూశాను, ఈ బస్సులోనే చూశాను.

మాటలతో కాకుండా మీటరుతో చూపించాను. ఆయన ముందరే కటాఫ్ వేసి, నా ఎరుపు వైరు మీద మీటరు పెట్టాను. సున్నా. కటాఫ్ తీసి, ఎరుపును కావాలనే బాడీకి తాకించాను. ఫ్యూజు టప్పున పోయింది, వైరు వెచ్చబడను కూడా లేదు. అప్పుడు ఆయన మిగతా బస్సులన్నీ చూడమన్నారు. కెమెరాల సంగతి తర్వాత, ముందు బ్యాటరీల మధ్య నుంచి లాగిన వైర్లు తీసేయమని.

డిసెంబరు ఎండ

నా వైపు నుంచి ఒక తప్పు జరిగింది. అది డిసెంబరు దాకా బయటపడలేదు.

లోపలి కెమెరాను డ్రైవరు తల వెనక, వెనక్కి చూసేట్టు పెట్టాను. అందరూ అక్కడే పెడతారు, మొత్తం సీట్లు కనిపిస్తాయి. జూలైలో స్కూలు ఆవరణలో, పన్నెండు గంటలకు చూసి బాగుందనుకున్నాను. డిసెంబరులో ఒక గొడవ మీద వీడియో తీస్తే పిల్లల ముఖాలు లేవు. నల్లటి తలలు, వెనక అద్దం నిండా తెల్లటి వెలుగు.

బస్సులో కూర్చుని దారంతా ఆలోచిస్తే అర్థమైంది. నార్పల అనంతపురానికి తూర్పున ఉంది. పొద్దున పిల్లలతో బస్సు పడమటికి వస్తుంది, సూర్యుడు వెనక అద్దంలో ఉంటాడు. సాయంత్రం పిల్లలతో తూర్పుకు పోతుంది, అప్పుడూ సూర్యుడు వెనక అద్దంలోనే. ముందు నుంచి వచ్చే వెలుగులో ముఖాలు స్పష్టంగా పడే రెండు ప్రయాణాల్లో, పొద్దున పోయేటప్పుడూ సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడూ, బస్సు ఖాళీ. జూలైలో ఆ వేళకు సూర్యుడు పైన ఉన్నాడు కాబట్టి తెలియలేదు, డిసెంబరులో కిందికి వాలి సూటిగా కెమెరాలోకి వచ్చాడు.

ఇప్పుడు రూటు ఏ దిక్కుకో అడగకుండా నేను కెమెరా బిగించను. కూడేరు వైపు, కళ్యాణదుర్గం వైపు పోయే బస్సులకు ఇది తిరగబడుతుంది. పిల్లలున్నప్పుడు సూర్యుడు ఎదురుగా ఉంటాడు. లోపలి కెమెరాకు ముఖాలు బాగా పడతాయి, రోడ్డు చూసే కెమెరా గుడ్డిదవుతుంది. ఆ బస్సుల్లో ముందు కెమెరాను అద్దం పైభాగంలో పెట్టి, ఆకాశం మూడో వంతుకు మించి కనపడకుండా కిందికి దించాలి.

నార్పల బస్సులో లోపలి కెమెరాను మధ్య సీట్ల పైకి జరిపి, పక్క గోడ వైపు నుంచి ఏటవాలుగా కిందికి తిప్పాను, వెనక అద్దం తెరలోకి రాకుండా. వెనక రెండు వరుసలు అందులో పడలేదు. వెనక గుద్దుకోవడాలు చూడడానికి పెట్టిన నాలుగో కెమెరాను లోపలికి తెచ్చి ఆ రెండు వరుసలకు పెట్టాను. రివర్సుకు ఎట్లాగూ ఆయమ్మ దిగి చూస్తుంది. ఏ కెమెరా ఎక్కడ అవసరమో పిల్లల వైపు నుంచి ఆలోచిస్తే ఇది మొదటి రోజే తట్టాల్సింది.

జనవరిలో బుక్కరాయసముద్రం దగ్గర ఒక బైకు బస్సు పక్కన గీసుకుంటూ పోయి పడింది. మనిషికి మోచేయి కొట్టుకుపోయింది, పెద్ద దెబ్బ కాదు. స్టేషన్ నుంచి వీడియో అడిగారు. స్కూలు వాళ్లు అప్పటికే తెర మీద ఆడుతున్న వీడియోను ఫోన్‌తో తీసి వాట్సాప్‌లో పంపబోతున్నారు. ఆపించాను. వాట్సాప్‌లో పోతే బొమ్మ నలిగిపోతుంది, అసలు ఫైలు కాదన్న మాట వస్తుంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం, సెక్షన్ 63 ప్రకారం ఇట్లాంటి రికార్డుతో పాటు సర్టిఫికెట్ ఇవ్వాలి, అందులో ఫైలు మారలేదని చూపించే గుర్తు, అంటే హ్యాష్ విలువ కూడా రాయాలి. ఒక భాగం పరికరం ఎవరి చేతిలో ఉందో వాళ్లు సంతకం పెట్టేది, రెండో భాగం నిపుణుడిది. రికార్డరు నుంచి అసలు ఫైలునే పెన్‌డ్రైవులోకి తీసి, అక్కడికక్కడే దాని ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ విలువ కాగితం మీద రాసి, సారు సంతకం తీసుకుని ఇచ్చాం. కార్డు తీసి విడిగా కవరులో పెట్టి, వేరే కార్డు వేశాను. టైము సెకనుతో సహా సరిపోయింది, కాబట్టి స్టేషన్లో దాని మీద ఒక్క ప్రశ్న కూడా రాలేదు.

ఆ స్కూలులో ఆరు బస్సులు. నాలుగింటికి పని అయిపోయింది. బ్యాటరీల మధ్య నుంచి వైరు లాగినవి వాటిలో మూడు. నెలకోసారి వెళ్లి ఫోన్ గడియారం కెమెరాకు చూపించి, లాగ్ తీసి, కీ ఆఫ్ అయిన ఒక స్టాపు వీడియో తెరిచి చూసి వస్తున్నాను. ఒక్కో బస్సుకు పది నిమిషాలు పడుతుంది. నార్పల బస్సు వంతు వచ్చినప్పుడు లోపలి కెమెరా అద్దం ఎప్పుడూ శుభ్రంగానే ఉంటుంది. పొద్దున పిల్లలెక్కే ముందు ఆయమ్మ తడి గుడ్డతో తుడిచి, పొడి గుడ్డతో ఒత్తుతుందట.